ఉప్పుశాతం

లాకుల దగ్గర టీ కొట్టు బల్ల మీద
రెండు నెలలుగా అమెరికా ఆరబోసి ఉంది.
ఒక కొన దామయ్య గారు పట్టుకుంటారు,
రెండో కొన సోమయాజులు మాస్టారు.
మధ్యలో నేను, లస్కరు యేసుపాదాన్ని,
ఒళ్ళో షట్టరు హ్యాండిలు, చెవి మీద బీడీ.

అక్కడెవరో తను సోషలిస్టునని
దాచుకోకుండా చెప్పి ఓట్లడిగాడట.
"ఏం సోషలిస్టండీ!"
దామయ్య గారి గ్లాసు బల్లని గుద్దింది.
"ఆసుపత్రి బిల్లుండదంటాడు, కాలేజీ ఫీజు వద్దంటాడు. మంచిదే.
ఫ్యాక్టరీ ఎవరిదని ఒక్కమాట అడిగాడా?
షావుకారు కుర్చీ కదపకుండా
కుర్చీ కింద ఊడిస్తే విప్లవమా?"

మాస్టారు నవ్వారు. నర్సాపురంలో
ముప్పై ఏళ్ళు ఇదే పాఠం చెప్పిన నవ్వు.
"అది మిశ్రమమయ్యా. కొంత సర్కారు, కొంత బజారు.
ఆ పేరే పెట్టుకునుంటే
ఇంకో నాలుగు ఓట్లు రాలేవి పాపం."
"పేరు కూడా వదిలేస్తే ఇంక మిగిలేదేంటి మాస్టారూ?"

మిశ్రమం.
నేను పెద్దగా చదువుకోలేదు గానీ
ఆ మాట నాకు నాలుక మీద తెలుసు.

కోడి కూయకముందే ఉప్పుటేరు వైపు దిగి
దోసిట్లో నీళ్ళు తీసి నోట్లో పోసుకుంటాను.
డిపార్టుమెంటిచ్చిన మీటరుకి
బ్యాటరీ పోయి మూడేళ్ళు.
ఎగువన గోదారి, దిగువన సముద్రం,
నడుమ రెండూ కాని, రెండూ అయిన నీళ్ళు.
రొయ్య అందులోనే బతుకుద్ది.
వరి అందులోనే చస్తుంది.

కాలవ సర్కారుది. నీటికి వంతుంది.
చెరువు భూపతిరాజు గారిది, దానికి దస్తావేజుంది.
చెరువు గట్టు కిందనించి ఊరి
మా బావమరిది కౌలు మడిలోకి దిగిన ఉప్పు
ఎవరిదో
ఏ కాగితంలోనూ లేదు.

రాత్రి షిఫ్టు దిగి మరిడమ్మ వచ్చింది.
ఐసులో నాని తెల్లబడ్డ వేళ్ళు
వేడి గ్లాసు చుట్టూ పొదువుకుని కూచుంది.
ఆవిడ ఒలిచిన రొయ్యలు ఆ దేశమే పోతాయి.
అక్కడ సుంకం పెరిగిన వారం
ఇక్కడ ఒలుపు కూలి కేజీకి రూపాయి తగ్గింది.
ఇద్దరి వాదనా చివరిదాకా విని అంది:
"నాకో సంగతి చెప్పండి బాబూ,
మీరు చెప్పేదాంట్లో
తలకాయలు తీసేవోళ్ళకి గ్లవ్సులుంటాయా?"
"సోషలిజంలో తప్పకుండా ఉంటాయమ్మా" అన్నారు దామయ్య గారు.
"చట్టంలో ఇప్పుడే ఉన్నాయి" అన్నారు మాస్టారు.
ఆవిడ రెండు చేతులూ తిప్పి చూసుకుంది,
ఎక్కడున్నాయో వెతుకుతున్నట్టు.
టీ కొట్టు కుర్రాడు పక్కుమన్నాడు.
పెద్దలిద్దరూ పేపరు మడతపెట్టారు.

ఆ రాత్రి అమావాస్య పోటు.
ఫోను రెండుసార్లు మోగింది.
రాజుగారి గుమాస్తా: "రెండు చుట్లు ఎత్తి ఉంచు, సీడు వేశాం."
మా బావమరిది: "పూర్తిగా దించెయ్ బావా, నారు పోద్ది."
సముద్రం ఎవరికీ ఫోను చెయ్యలేదు,
వస్తూనే ఉంది.

హ్యాండిలు తగిలించి తిప్పాను.
ఎన్ని చుట్లో రిజిస్టరులో రాశాను, ఇక్కడ చెప్పను.
తుప్పు పళ్ళు కరకరలాడుతుంటే
భుజం నొప్పిలో నాకొకటే తోచింది:
వాళ్ళిద్దరి మాటల్లోనూ
ఈ ఇనుము తిప్పే మనిషి లేడు.

తెల్లారి దోసిలి పట్టాను.
ఉప్పగానే ఉంది. నిన్నటంత కాదు.
దామయ్య గారైతే ఉప్పు ఉప్పేనంటారు.
మాస్టారు ఎంత శాతం అని అడుగుతారు.
ఇంటికి పోతున్న మరిడమ్మని గట్టు మీద ఆపి
ఎలా ఉందో చూడమన్నాను.
ఆవిడ నోట్లో పోసుకోలేదు.
చీర కుచ్చిళ్ళు ఎగదోపి, వంగి,
కుడిచెయ్యి మణికట్టుదాకా ముంచింది.

"మండుతోందా?"
"ఈ వేలికి మండుతోంది" అంది.
కాస్త ఆగి,
"ఈ వేలికి లేదు."