పాతపట్నం నట్టు

వీధిలో అందరికీ తెలుసు, నాకు పిచ్చని.
పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్ళ నర్సుని,
దాచిన డబ్బుతో నాలుగు గాజులు చేయించుకోక
రాయగడ కాంట్రాక్టరు కొడుకు మోజు తీరి వదిలేసిన
ఎర్ర రెండు సీట్ల బండి కొన్నాను.
గుడ్డ టాపు. నేలకి కరుచుకున్న ఒళ్ళు.
సైలెన్సర్ మాత్రం జల్లెడ.
తాళం తిప్పితే పక్కింటి మేకలు పలుపులు తెంపుకునేవి.

మెకానిక్కు రేటు చెప్పాడు.
ఆ రేటుకి బండి కిందకి నేనే దూరతానన్నాను.
నవ్వాడు. సరే, నవ్వనీ.

ఐ.టి.ఐ. నుంచి రెండు ఇనప స్టాండులు అడిగి తెచ్చాను,
ఇటుకల్ని నమ్మలేదు.
ఇటుకల్ని నమ్మినవాళ్ళకి కట్లు కట్టిన చేతులివి.

నైట్ డ్యూటీ దిగి, తమ్ముడి పాత చొక్కా తొడుక్కుని
వెల్లకిలా పడుకుంటే
బండి కడుపు నా మొహానికి జానెడు.
ఇన్నేళ్ళూ మంచం పక్కన నిలబడే చూశాను మనుషుల్ని.
పడుకున్నవాళ్ళకి పైన ఏం కనిపిస్తుందో
ఇవాళ తెలిసింది:
మసి, అతుకులు,
వంగి చూసే ఎవరివో ముక్కులు.
కళ్ళద్దాల మీద నశ్యంలా రాలే తుప్పు.

నట్లు మూడు.
మొదటిది కిరసనాయిలు తాగి లొంగింది.
రెండోది రెండు రోజులు బెట్టు చేసి
బుధవారం పొద్దున్న కీచుమని కదిలింది.
మూడోది
విరిగింది.
చప్పుడు చిన్నదే. ముందు చేతికి తెలుస్తుంది, తరవాత చెవికి.
సూది విరిగినా ఇంతేనేమో.
(నా చేతిలో ఒక్క సూదీ విరగలేదు, చెబుతున్నాను.)

"కొణ హెలా, దిదీ?"
గోడ మీంచి సనాతన్ మహారణా.
కొమ్ములో కొంగల్ని, రొయ్యల్ని చెక్కే మనిషి.
ఇనుము సంగతి నాకేం తెలుసు, అంటూనే వచ్చాడు,
కొంగ మెడ తీసే సన్న ఆకురాయి పట్టుకుని.
అరిగితే కొత్తది కొనియ్యాలని ముందే ఒప్పందం.
ఒక గంట అతను, ఒక గంట నేను,
మధ్యలో వాళ్ళావిడ ఇచ్చిన టీ, దాంట్లో కాస్త తుప్పు.
మొండెం నున్నగా అయ్యాక చేతి డ్రిల్లు పెట్టి తొలిచాను,
సుత్తితో ఒక్కటేస్తే ఊడి దొర్లింది.

ఆకురాయి అరిగింది.

అతుక్కుపోని నట్టు ఇత్తడిదే.
మా బజారులో లేదు. సైకిలెక్కి
మహేంద్రతనయ వంతెన దాటి, రాష్ట్రం దాటి
పాతపట్నం వెళ్ళాను, చిటికెన వేలంత నట్టు కోసం.
కొట్టువాడు అన్నాడు, "మీ ఆయన్ని పంపండమ్మా, సైజు తెలుస్తాది."
ఆయనకి స్పానరు ఎటు పట్టుకోవాలో తెలీదన్నాను.
ఆయన అసలు లేడని చెప్పలేదు.
విరిగిన ముక్క బల్ల మీద పెట్టాను.
మారు మాటాడకుండా డబ్బా తీశాడు.

కొత్త గొట్టం బరువు.
మోకాళ్ళతో ఎత్తి, గుండెల మీద ఆనించుకుని,
రబ్బరు రింగులకి సబ్బు నీళ్ళు రాసి ఎక్కించాను,
మొండి పిల్లకి గాజులు తొడిగినట్టు.

ఇంజన్ వేసి, స్టెతస్కోపు బిళ్ళ పీకేసి
ఒట్టి గొట్టం అతుకుల దగ్గర పెట్టి విన్నాను.
ముందు అతుకు శుభ్రం.
వెనక అతుకులో సన్నని ఈల.
న్యుమోనియా కాదు, జలుబు.
క్లాంపు ఇంకో అర చుట్టు.

వీధంతా గుమ్మాల్లోకొచ్చింది చెవులు మూసుకోడానికి.
బండి గొంతు సవరించుకుని
లోలోపల ఏదో గొణిగింది, అంతే.
మేకలు మేస్తూనే ఉన్నాయి.
నిజం చెప్పాలంటే నాకు కాస్త చిన్నతనమైంది.

పాత గొట్టాన్ని మహారణా వాళ్ళావిడ
బీరపాదుకి ఊతంగా పాతుకుంది.

గోళ్ళ కింది నలుపు మూడు రోజులైనా పోలేదు,
డెటాల్‌కి లొంగే రకం కాదది.
ఆ రాత్రి ఏడో నంబరు మంచం ముసలమ్మ
నా వేళ్ళు పట్టుకుని చూసి
"వొంట సేసొచ్చినావేటే అమ్మా?" అంది.
లేదన్నాను.
మణికట్టు మీద నాడి దొరికింది,
లెక్కపెట్టుకుంటున్నాను.