పాకెట్టుకి పాతిక సెంట్లు

బేజాలో, కోట వెనక సందులో,
మా నాన్న తెరిచిన చెప్పుల కొట్టు నాది.
ముప్పయ్యేళ్ళు ఆరె పట్టిన చెయ్యి
ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల మీది నల్ల గీతలకి
స్కానరు చూపిస్తుంది.
టిక్కుమంటే పాతిక సెంట్లు.
రోజుకి ఎనభై టిక్కులు.
మడమ మార్చమని వచ్చేవాళ్ళు వారానికి ముగ్గురు.
లెక్క మీరు వేసుకోండి, నేను వేసీ వేసీ మానేశాను.

దోనా గ్రసింద తన సంచుల్ని ఇక్కడే విప్పుతుంది,
ఇంట్లో కూతురు సాధిస్తుందని.
మొన్న నిలువుటద్దం వచ్చింది.
ఫోటోలో దాని ముందు ఒక పొడుగాటి పిల్ల
పాదాలదాకా కనిపించింది.
సంచిలోంచి తీస్తే అరచెయ్యంత.
కొలతలు చిన్న అక్షరాల్లో రాశారట, అబద్ధం మాత్రం కాదు.
ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కి వేసి
అద్దం ఉంచుకోమన్నారు.
మా నాన్న అయితే అలాంటి వర్తకుణ్ణి చూసి భయపడేవాడు.
"ఈ మొహానికి ఇంత చాల్లే అబీలియూ,
మిగతాది చూసి ఎవరేడవాలి" అంటూ
అందులోనే లిప్‌స్టిక్ సరిచేసుకుని వెళ్ళింది.

లియొనెల్ కొన్న ఛార్జరు వాడి దిండు మీద
నాణెమంత గోధుమరంగు మచ్చ పెట్టింది.
దాన్ని పారేసి, అక్కడే ఇంకోటి తెప్పించాడు.
ఈసారిదానికి నాలుగున్నర చుక్కలున్నాయట.
ఆ చుక్కలు పెట్టిందెవర్రా అంటే
నా వైపు జాలిగా చూశాడు.

వీళ్ళని చూసి నవ్వడం తేలిక.
ఇవొన్‌ని చూసి నవ్వలేను.
ఆస్పత్రిలో రాత్రంతా నేలలు తుడిచి
తెల్లారి ఆ బట్టలతోనే వస్తుంది.
మూడు రెయిన్‌కోట్లు, ముగ్గురు పిల్లలకి, పదకొండు యూరోలు.
"చౌరస్తా కొట్లో కొంటే ఒకడికే వస్తుంది,
ఇద్దరు తడుస్తారు" అంది.
నాసిరకం అని నోటిదాకా వచ్చిన మాటని
మేకులా పెదవుల మధ్యే పట్టుకున్నాను.

జనవరిలో ఆమె తన పెద్దవాడి బూటు తెచ్చింది.
రెండు వానలకి అడుగు ఊడి
చేప నోరులా తెరుచుకుంది.
లోపల జిగురు ఎండి తేనెరంగుకి తిరిగింది.
ఆ జిగురులో ఒక వెంట్రుక.
పట్టకారుతో లాగితే మూరెడు వచ్చింది, నల్లగా.
ఎవరో బల్ల మీదికి వంగారు.
నిద్రమత్తో, తొందరో, ముడి జారిందో.
నేను కుట్టిన బూట్లలోనూ నా వెంట్రుకలు ఉండే ఉంటాయి,
తల మీద అవి ఉన్నన్నాళ్ళూ.
కానీ నా బూటు కరిస్తే
తొడుక్కున్నవాడు ఈ గుమ్మమెక్కి నన్ను తిట్టేవాడు.
ఆమెని తిట్టాలంటే ఎవరు, ఎక్కడికి వెళ్ళాలి?

ఎంతవుతుంది అంది ఇవొన్.
ఆరు అనాలి. మూడు అన్నాను.
"ఇంకో రెండు వేస్తే కొత్త జత" అంది,
నన్ను నొప్పించాలని కాదు, పైకే లెక్క చూసుకుంటూ.
ఊరికే అతికించి ఇచ్చాను.
మార్చిలో అదే కొలత, కొత్త సంచి.
టిక్కు.

ఒక మాట దాచాను.
నా ఆరె పిడి పగిలినప్పుడు
లిస్బన్‌లో ఇరవై రెండు అన్నారు.
ఒకటీ ఇరవైకి నేనూ తెప్పించుకున్నాను,
రాత్రి తలుపు వేసి, నా పాకెట్టు నేనే స్కాన్ చేసి.
దానికీ పాతిక సెంట్లు వచ్చాయి.
విరుగుతుందని చూశాను. విరగాలని చూశాను.
ఎద్దుతోలు రెండు పొరలు వేసి అడ్డంగా గుచ్చాను.
పద్నాలుగు నెలలైంది,
మొన అలాగే ఉంది, సన్నగా.

ఇవి నమ్మొచ్చా అని కొత్తవాళ్ళు అడుగుతుంటారు,
చెప్పులవాడికి తెలుస్తుందనుకుని.
ఇక్కడే విప్పి చూసుకోండి అని
కత్తెర చేతికిస్తాను.
ఆ వెంట్రుకని మేకుల డబ్బాలో ఉంచాను,
ఎందుకో అడగొద్దు.