ఆగు

రాత్రి రెండింటికే తెలిసిపోయింది.
కింది పెదవి ఎడమ మూల
చీమ నడిచినట్టు చురచుర.
అద్దం ఇంకా ఒప్పుకోవడం లేదు,
నాలుక మాత్రం ఊరుకోక వెళ్ళి తడుముతోంది.

ఈ ఏడాదికి ఇది ఆరోసారి.
"వేడి చేసింది, మజ్జిగ తాగు," ఫోన్లో పెద్దమ్మ.
హల్ ఊళ్ళో, ఈ చలికాలంలో,
హంబర్ మీంచి గాలి చెవులు కోసేస్తుంటే
వేడి ఎక్కణ్ణుంచొస్తుంది పెద్దమ్మా?

కార్లైల్ దగ్గర పోయిన ఎవరిదో కిడ్నీ
నా పొత్తికడుపులో కుడివైపు కాపురముంటోంది.
అది పరాయిదని పసిగట్టకుండా
పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి
నా ఒంటి కాపలావాళ్ళకు మత్తు పోస్తాను.
వాళ్ళు కునుకు తీయగానే
చెవి పక్క నరాల ముడిలో
నలభై ఏళ్ళుగా ముడుచుకు పడుకున్నది
ఒళ్ళు విరుచుకుంటుంది.

ఎనిమిదీ ఇరవైకి రోడ్డు మీదుంటాను.
పసుప్పచ్చ కోటు, పొడుగు కర్ర, చివర గుండ్రటి పలక.
దాని మీద ఒకటే మాట.
చేపల లారీ ఆగుతుంది. రెండంతస్తుల బస్సు ఆగుతుంది.
బడిపిల్లలు బాతుల్లా దాటుతారు.
ఫిన్లే మాత్రం నడిరోడ్డులో నిలబడి
నా మొహంలోకి చూస్తాడు:
"కందిరీగ కుట్టిందా?"
నవ్వబోతే పెదవి చిట్లి
నోరంతా ఉప్పన.

"ఈసారి లోపలి చిగుళ్ళదాకా పాకింది,
ఇన్నాళ్ళు ఊరుకుంటావా?" నర్సు బెర్నడెట్ కోప్పడింది.
చారు మంట. ఆవకాయ ఊసే వద్దు.
గోరువెచ్చటి పెరుగన్నం, అదీ స్పూనుతో,
పెదవికి తగలకుండా గొంతులోకి.
మాత్రలు రాయించి ఇస్తూ అంది:
"చిన్నప్పుడే అంటుకుని ఉంటుందిలే,
ఎవరో ముద్దు పెట్టుకుని."

ఎవరో.

తిరుగు బస్సులో కిటికీ ఆవిరి తుడుస్తుంటే
చప్పున గుర్తొచ్చింది.
జ్వరం తగిలితే చాలు పెద్దమ్మకు మూతి పేలేది.
బియ్యం చెరుగుతూ చాట అడ్డం పెట్టుకునేది,
నేను చాట కిందనుంచి దూరి ఒళ్ళో పడేదాన్ని.
ఆవిడకు చెప్పను. మజ్జిగ తాగాననే చెబుతాను.

కిడ్నీ పరాయిది.
నెత్తురు రెండుసార్లు ఎవరెవరిదో ఎక్కించారు.
ముందు పళ్ళు మూడు కట్టుడువి.
ఈ పుండొక్కటే మా ఇంటిది.

సాయంత్రం చెల్లెలు హైమ వాళ్ళింటికి వెళ్ళాను,
దాని పాపకు పందొమ్మిదో రోజు.
మాస్కు కట్టుకుని గుమ్మందాకా నడిచాను.
చేతిలో పలక లేదు,
అయినా ఆగాను.
అక్కడ, ఊయల్లో, పాప ఆవలించింది:
ఎర్రటి చిన్న నోరు,
ఇంకా ఎవరూ అడుగుపెట్టనిది.