నిశానీ

సెతూబల్ పురపాలక భాండాగారంలో
నా ఉద్యోగం దుమ్ముతో.
మంగళవారం ఒక అట్టపెట్టె వచ్చింది.
చుట్టూ తాడు, ముడి మీద లక్క,
లోపల అదెలినో ఫ్రగోజు.

అంటే, ఆయనలో మిగిలింది:
ఒక కళ్ళజోడు, ఒక ఉన్నిటోపీ,
ఉపన్యాసాల కాగితాల కట్ట.

ఆ కాగితాలు ఊరందరికీ తెలుసు.
సార్డీన్ ఫ్యాక్టరీ గేటు ముందు ఉప్పుపీపా ఎక్కి
కళ్ళజోడు సర్దుకుని
కాగితం వంక ఒక్కసారి చూసి గొంతెత్తేవాడు.
రేవులో పడవలు కూడా అటు తిరిగేవని
మా అమ్మ అనేది.
అప్పట్లో. తర్వాత అనలేదు.

ఒక చలికాలం యజమానులు
పన్నెండు పేజీల ఒప్పందం తెచ్చారు.
గదిలో ఈయన ఒక్కడు, ఎదురుగా ముగ్గురు వకీళ్ళు,
మధ్యలో పొగలు కక్కే కాఫీ.
సంతకం పెట్టి బయటికొచ్చి
'గెలిచాం' అన్నాడు.
ఆ రాత్రి ఆడవాళ్ళు చేపపొలుసుల ఏప్రాన్లతోనే
వీధిలో చిందులేశారు.

మూసివేత తొమ్మిదో పేజీలో ఉంది.

వసంతానికి గేటుకి తాళం.
మూడువందల నలభై మంది,
చేపతలలు తుంచడం తప్ప ఇంకో పని రాని వేళ్ళతో
ఇళ్ళకెళ్ళారు.
అమ్ముడుపోయాడు, అంది ఊరు.
ఎంతకి అన్నదొక్కటే తగువు:
కొందరు పడవన్నారు, కొందరు లిస్బన్‌లో మేడన్నారు.
మా అమ్మ ఒలింపియా
ప్రతి ఆదివారం చర్చికి పోతూ
ఆయన గడప మీద ఉమ్మేసి మరీ పోయేది,
గంట మోగుతున్నా సరే.
ఆయన తలుపు తీసి గుడ్డతో తుడుచుకునేవాడు.
ఒక్కనాడూ కాదనలేదు.
ఇరవై తొమ్మిదేళ్ళు.

కట్ట విప్పాను.
మొదటి కాగితంలో అక్షరం లేదు.
ఒక చేప, పక్కన సగం రొట్టె.
రెండోదాంట్లో గడియారం,
కడుపుతో ఉన్న మనిషి, నిలబడి,
ఆమె వెనక ఖాళీ కుర్చీ.
మూడోదాంట్లో వేలు, వేలి నుంచి మూడు చుక్కలు.
పెన్సిల్‌తో, పసివాడి గీతల్లో
నేను అమ్మ భుజమెక్కి విన్న ప్రతి మాటా.

కళ్ళజోడు పెట్టుకు చూశాను.
వట్టి గాజు.

అట్టడుగున ఒక నోటుపుస్తకం.
పేజీ తర్వాత పేజీ ఒకటే పేరు, తన పేరు,
గాలికి వాలిన కంచెలా.
చివరి సున్నా ఎక్కడా పూర్తిగా మూసుకోలేదు.

పొట్ట కోస్తే అక్షరం ముక్క లేనివాడు
ఆ గదిలో ఆ పన్నెండు పేజీలూ
ఎంతసేపు తిప్పి ఉంటాడు?
ఎన్నో పేజీ దగ్గర తల ఊపి ఉంటాడు?
'ఇది నాకు చదివి పెట్టండి'
ఈ నాలుగు మాటలూ
మూడువందల నలభై పొయ్యిలకన్నా బరువయ్యాయా?

జాలిపడాలో లేదో నాకు తెలియడం లేదు.
దొంగ అంటే ఓర్చుకున్నాడు,
చదువురానివాడు అనిపించుకోలేకపోయాడు.
మా అమ్మదీ నిశానీయే.
కూలిపుస్తకంలో బొటనవేలు అద్ది
ఏప్రాన్‌కి తుడుచుకుని నవ్వేసేది.
అదీ ఉంది మరి.

పత్రికవాళ్ళు ఫోన్ చేశారు.
శతజయంతి అట, మొదటి పేజీలో చోటుంచారట,
ఏమైనా బయటపడిందా అని.
రేపు చెప్తానన్నాను.

సాయంత్రం రెండో కాగితం అమ్మకి చూపించాను.
ఎవరిదని చెప్పలేదు.
ఎనభై ఎనిమిదేళ్ళ కళ్ళు, దీపం దగ్గరికి జరిగి
తడుముకోకుండా చదివేసింది:
'పది గంటలు చాలు.
నెలలు నిండినవాళ్ళకి కుర్చీ వెయ్యండి.'

చదివాక కాగితాన్ని దించలేదు.
ఎంతసేపో.

'వెధవ,' అంది చివరికి,
'నాతో ఒక్క మాటంటే
వేలిముద్ర ఎలా వెయ్యాలో నేర్పేదాన్ని కదా.'

ఈ పొద్దున జాబితా రాస్తున్నాను.
కళ్ళజోడు, ఒకటి. టోపీ, చిమ్మట కొట్టింది.
కాగితాలు, నలభై రెండు.
భాష, అని ఒక గడి ఉంటుంది.
అక్కడ ఆగాను.