రెండొందల నలభై గుండు

బాయిలరు పగిలిపోయిన మంగళారం
సెలవని ఎవులూ అన్నేదు.
"ఇంటికెల్పోండి, రేపు రండి" అన్నాడు మేస్త్రీ.
మావు ఇంటికెల్నేదు.

ఆర్నెల్లుగా వారానికి ఇరవై లెక్కన
హార్లిక్సు సీసాలో దాసిన డబ్బులు
తవిటమ్మ కొంగులోకి ఒంపీసింది.
పలాసలో పాసింజరెక్కి
కిటికీ సీటు కోసం దెబ్బలాడుకున్నాం నలుగురం,
అందులో ఒకర్తి అప్పుడే అమ్మమ్మ.

ఇజీనారం.
గంటస్తంభం కింద నిలబడి
మెడ నొప్పెట్టీవరకూ పైకి సూసినాం.
"ఏటీ, ఇంతెత్తు కట్టీసి సైరనెట్టనేదా?"
అని సబిత అడిగితే
అరటిపళ్ల బండాయన కూడా నవ్వీసినాడు.
టైము పదకొండుంపావు.
రోజూ ఆ ఏలకి మా ముందు
పిక్కల గుట్ట సగమైనా తరగదు.

కోట గుమ్మం కాడ ఫొటో తీసుకున్నాం.
ఎవులూ సెప్పకుండానే
నలుగురం సేతులు ఎనక్కెట్టీసుకున్నాం.
జీడి కారి నల్లబడిన ఏళ్లు,
రేషను మిషను కూడా
ఎరగనని మొకం తిప్పీసుకున్న ఏళ్లు.

సంగీత కాలేజీ గోడవతల
ఎవులో గుంటడు మద్దెల నేర్సుకుంతన్నాడు.
ఒకే ముక్క. తప్పడం. మళ్లీ మొదట్నుంచి.
దమయంతి నిలబడిపోయింది.
దాని కుడికాలు దానంతటదే కదుల్తంది,
పెడలు తొక్కు, పిక్క సీలు,
పెడలు తొక్కు, పిక్క సీలు.
"పాపం, నాకంటే నిదానం" అంది.
"ఇరవయ్యేళ్లలో నాను రెండుసార్లే తప్పినాను.
రెండుసార్లూ ఏలు తెగింది."

ఆకలేసింది.
సందు సివర మెస్సులో
తక్కువకే భోజనమని తెలుసు.
అయినా ఏసీ బోర్డున్న సోటికే ఎల్లినాం.
సెప్పులు బయట ఇప్పబోతే
"పర్లేదమ్మా, రండి" అన్నాడు గుమ్మం కాడ కుర్రోడు.
గాజు బల్ల మీద మోసెయ్యి పెడితే సల్లగా తగిలింది.
కార్డులో పేర్లు నాను సదివినాను,
పది తప్పినదాన్నే అయినా మాలో సదువుకున్నది నానే.
రోటీలు. సబితకి మంచూరియా.
తర్వాత ఆ మాటొచ్చింది, గట్టిగానే సదివీసినాను:
కాజూ మసాలా. రెండొందల అరవై.

కాసేపు ఎవులూ మాటాడనేదు.
"తెప్పించు" అంది తవిటమ్మ.

ఎర్రటి పులుసులో వొచ్చినాయి.
తవిటమ్మ సెంచాతో ఒకటి పైకి తీసి
దీపానికి పెట్టి, తిప్పి తిప్పి సూసి,
"మూడొందల ఇరవై" అంది.
"కాదొలే, రెండొందల నలభై గుండు."
"నీ మొకం, అంచు మాడినాది, ఇది రెండో రకం."
"అడుగున సూడండి, బద్దలు కలిపీసినాడు దొంగసచ్చినోడు!"
పక్క బల్ల పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని
మా నోట్లో ఆ అంకెలేటో తెలీక
అలగే సూస్తన్నాడు.

రోజూ సాయంత్రం గేటు కాడ
నోరు తెరిసి సూపించీవోళ్లం.
పళ్ల సందున పప్పు నూకంత దొరికితే
ఆ పూట కూలి పోయినట్టే.
ఇక్కడ ఇస్తరేసినట్టు రుమాలు పరిసి, పళ్లెంలో ఎట్టి,
"ఇంకేటైనా కావాలామ్మా" అని అడుగుతన్నారు.

సబిత కళ్లు మూసుకుని నమిలింది.
"మెత్తగైపోనాది" అంది. "పచ్చిదే బాగుంటాది."
పచ్చిదెప్పుడు తిన్నావే అని
మావు అడగనేదు.

బిల్లు కట్టీటప్పుడు తవిటమ్మ
పది కాగితాలూ ఇరవై కాగితాలూ ఏరి ఏరి పెట్టింది.
నలిగినవొక పక్క, సిరిగినవొక పక్క.
ఆ కుర్రోడికి మాత్రం
మంచి రకం నోటే ఇచ్చింది.

పొందూరు దాటీసరికి అందరికీ నిద్దరొచ్చీసింది.
మనవరాలికని కాగితం రుమాల్లో సుట్టిన ఒక్క గుండు
తవిటమ్మ పిడికిట్లో మసాలా వోసనేస్తంది.

పలాస స్టేషను గేటు కాడ
టీసీ సెయ్యి సాపి నిలబడున్నాడు.
నిద్దరమత్తులో సబిత
టికెట్టు మర్సిపోయి
నోరు తెరిసీసింది.