ఇరవై వాట్ల తీర్మానం

ఆదోనిలో ఎండకు కూడా దూది వాసనే.
జిన్నింగు మిల్లుల మీంచి వచ్చే గాలి
మా మున్సిపాలిటీ ఫైళ్ళ మీద తెల్లగా వాలుతుంది.
ఉఫ్ అని ఊది సంతకాలు పెడుతుంటాం.

లైసెన్సుల సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటుని నేను.
పద్నాలుగేళ్ళుగా ఒకటే రబ్బరు స్టాంపు:
"తగు ఆధారములు జతపరచవలెను."
అరిగీ అరిగీ "తగు" పోయింది.
ఇప్పుడు వట్టి ఆధారాలే అడుగుతున్నాను.

దూదేకుల హుసేనమ్మ ఒక సోమవారం వచ్చింది.
కనురెప్పల మీద దూది,
వయసెంతో తేల్చుకోనివ్వని తెలుపు.
పరుపులు కుడతాదంట, దిండ్లు, ఉయ్యాల బొంతలు,
పత్తి మార్కెట్టు వెనక సందులో, కాలవ గట్టు మీద.

"రూము కావల్నా?" అన్నాను.
కాంప్లెక్సులో పదహారు గదులు కట్టించినాం.
ప్రారంభం నాటి రిబ్బను ముక్క
ఇంకా మూడో షట్టరుకు వేలాడుతోంది.
డిపాజిట్టు రెండు లక్షలు.
వేలంపాటలో ఒక్క చెయ్యీ లేవలేదు.
తొమ్మిదేళ్ళుగా పావురాలదే కాపురం,
వాటిమీద మాకు బకాయిలు లేవు.

"లోను ఇప్పించల్నా?" అన్నాను,
మెప్మా కాగితాలు బల్ల మీదికి లాగుతూ.

తల అడ్డంగా ఊపింది. దూది రేగింది.
"అప్పు వద్దు సారూ. లైటు ఎయ్యండి."

పగలు మిల్లులో కూలి.
కుట్టేది పొద్దు గూకినాకనే.
సందులో స్తంభం ఉండాది, స్తంభానికి నంబరు ఉండాది,
బల్బొకటి లేదు.
"సూది కనపడక ఏలు గుచ్చుకుంటాది.
తెల్లగుడ్డ మీద నెత్తురు చుక్క పడితే
ఆ పరుపు ఎవురు కొంటారు సారూ?
అట్లాంటివి మూడు మా ఇంట్లోనే పరుచుకున్యాం.
మా మనమడు జమీందారు మాదిరి పండుకుంటాడు."

మా దరఖాస్తులో ఇరవై రెండు గడులు:
వ్యాపార స్వభావం, పెట్టుబడి, మోటారు హార్స్‌పవరు,
చివరికి పొగగొట్టం ఎత్తు కూడా.
చీకటి ఎంత అని అడిగే గడి లేదు.
వెనకవైపు ఖాళీలో రాసినాను:
"అర్జీదారు లైటు కోరుచున్నారు."

అది ఇంజనీరింగుకు పోయింది,
"మాది కాదు" అని వార్డు సచివాలయానికి,
"మాకు రాదు" అని మళ్ళీ నా బల్ల మీదికి.
ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది,
పెళ్ళిళ్ళకు పరుపులు కొనేవాళ్ళు ఎమ్మిగనూరు పోయినారు.

ఒక రాత్రి ఆ సందులోకి నేనే పోయినాను.
మూడడుగులు వేసినానో లేదో, కాలు కాలవలో పడింది.
ఫైలు కదిలింది అప్పుడు.

బురదకాలితో నిలబడి చూస్తే
ఆ చీకట్లో హుసేనమ్మ ఒక్కతే కాదు.
సెల్‌ఫోను వెలుతురులో జిప్పులు మార్చే చాంద్ బాషా,
పొద్దున బండికి మిరపకాయలు చీరుకుంటున్న ఈరమ్మ,
చేతి తడుముడుతోనే సైకిలు చక్రం గీత తీస్తున్న
పేరు చెప్పని ముసలాయన.
మా రికార్డులో మాత్రం ఆ సందు
"వాణిజ్య కార్యకలాపములు: నిల్."

కౌన్సిల్లో ఒకాయన నవ్వినాడు:
"లైటుకు తీర్మానమేందప్పా, తమాషానా?"
నా ప్యాంటు అంచున బురద మరక ఎండి ఉంది,
దాన్ని చూస్తూ నిలబడినాను.
తీర్మానం ముప్పైయేడు:
ఇరవై వాట్ల లైట్లు నాలుగు,
కాలవ మీద బేతంచెర్ల బండలు.
గదుల్ని సగాలుగా చేసి
నెలనెలా కట్టుకునే బాడుగకు ఇద్దామన్న సంగతి
వాయిదా.
పావురాలు గెలిచినాయి.

లైట్లు వెలిగిన వారానికి
కుట్టుమిషను బండల మీదికొచ్చింది.
పక్కన ఈరమ్మ రాత్రి కూడా ఉగ్గాని పెట్టింది.
పరుపు బేరమాడేవాళ్ళు తింటూ ఆడుతున్నారు,
నోట్లో బజ్జీ ఉంటే
ధర గట్టిగా తగ్గించలేరని హుసేనమ్మ నవ్వింది.

నెల తిరగకముందే
పారిశుధ్యం సెక్షన్ నుంచి కాగితం:
"కాలవ బండలపై ఆక్రమణ, తొలగింపునకు నోటీసు."
కింద నా స్టాంపు కోసం
చతురస్రంగా కొంచెం జాగా.

బీరువాలో అన్నిటికంటే అడుగున పెట్టినాను.
బీరువాకు తలుపు సరిగ్గా పడదు.
నిన్న చూస్తే దాని మీద దూది వాలి ఉంది.

ఊదలేదు.