అటు పక్క

తార్తూలో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు ఉకు,
పదహారేళ్ల నా కొడుకు.
నుదుటికి పైన, ఎడమ పక్క
ఎనిమిది అంకెలా ఉన్న తీగచుట్ట ఆనించింది నర్సు.

టక్ టక్ టక్ టక్. ఆగింది.
మళ్లీ టక్ టక్ టక్ టక్.

నేను పియానోలు శ్రుతి చేసేవాణ్ణి.
ఏ చప్పుడు విన్నా స్వరం వెతుక్కోవడం నా జబ్బు.
దీనికి స్వరం లేదు.
ఎండు మొద్దు మీద వడ్రంగిపిట్ట, అంతే.

"అయితే పిల్లాణ్ణి శ్రుతి చేస్తున్నారన్నమాట!"
అంది మా అక్క. ఫోన్ పెట్టేశాను.
తీగ ఎక్కడిదాకా బిగించాలో నాకు తెలుసు.
వీళ్లకి తెలీదు. తెలీదని వాళ్లే చెప్పారు.
ఆ మాట చెప్పినందుకే సంతకం పెట్టాను.

అంతకుముందు మాత్రలు.
మొదటిది పగలంతా పడుకోబెట్టింది.
రెండోదానికి చేతులు వణికేవి,
చెంచా కంచానికి తగిలి
ముద్దముద్దకీ గంట మోగేది.
మూడోది ఏడుపు ఆపింది.
కుక్క చచ్చిపోయిందని చెబితే
"అవునా" అన్నాడు, తల తిప్పకుండా.

మాత్రల్ని తిట్టుకుందామంటే
బయట బెంచీ మీద జ్లాత ఉంటుంది,
తమ్ముడికి తోడొచ్చిన నార్వా పిల్ల.
"నిరుడు ఇదే కుర్చీలో ముప్ఫై రోజులు కూర్చున్నా.
తలనొప్పి తప్ప ఏం రాలేదు.
నన్ను లేపి కూర్చోబెట్టింది మాత్రే,"
అంటూ పొద్దుతిరుగుడు గింజల పొట్టు
అరచేతిలోకి ఊస్తుంది.
పేరు అడిగాను. మా మూడోదే.
అదే మాత్ర, అదే నీలం పెట్టె.

డాక్టరమ్మ ఇదా అదా అని తేల్చలేదు.
సగం మాత్ర ఉంచింది. రోజూ రమ్మంది.

ఇంటికి నది దాటాలి.
ఎమాయొగి, అంటే అమ్మ నది.
సెప్టెంబరు నుంచీ ఆ వంతెన మీద
వాడికీ రెయిలింగుకీ మధ్య
నేనే నడుస్తున్నాను.
వాడు గమనించలేదనుకున్నాను.

ఇరవై రెండో రోజు, సగం వంతెన మీద ఆగి,
"ఎప్పుడూ నువ్వే అటు పక్క ఎందుకు?
కాళ్లకి అడ్డం పడతావు నాన్నా!" అన్నాడు.

జవాబు చెప్పలేదు. పక్క మారలేదు.
పిట్ట పొడిచిందో, సగం మాత్ర పనిచేసిందో,
ఊరికే ఆ రోజు అలా కుదిరిందో.
వాడు విసుక్కున్నాడు.
ఎండాకాలం పోయాక మొదటిసారి
నా కొడుకు నా మీద విసుక్కున్నాడు.

మంచు మీద వాడి బూట్లు
నా బూట్లకంటే గట్టిగా చప్పుడు చేస్తున్నాయి.
ఇంకా పద్నాలుగు రోజులున్నాయి.